ముందు దిగడం నేర్పండి: ఆటలాడే పిల్లల్లో ధైర్యం పెంచడం ఎలా

ముమ్మిడివరంలో కబడ్డీ మ్యాచ్ ఓడిపోయి, అంబాజీపేటలో మా ఇంటికి బండి మీద వస్తున్నాం. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసుకుంది. అమలాపురం దాటేవరకు నేను మాట్లాడుతూనే ఉన్నాను. "చివరి కూతకి వెళ్ళి బాక్ లైన్ దాటగానే వెనక్కి వచ్చేశావేంటమ్మా? ఇంకో రెండడుగులు లోపలికి వేస్తే ఏమవుతుంది? మహా అయితే పట్టుకుంటారు. అంత భయమెందుకు?" బాక్ లైన్ అంటే కూతకి వెళ్ళినవాళ్ళు దాటి రావాల్సిన మొదటి గీత. నా గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగాను. కాలువ వంతెన దగ్గర చూసుకుంటే భుజం మీద చెయ్యి లేదు. వెనక సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి మళ్ళీ రాలేదు.

రెండు నెలల తర్వాత, వేరే ఏదో మాట మధ్యలో తనే చెప్పింది. "లోపలికి వెళ్దామనే అనుకున్నా నాన్నా. నువ్వు చూస్తున్నావని గుర్తొచ్చింది. దొరికిపోతే దారంతా అదే మాట్లాడతావు కదా అని వచ్చేశా."

ఎదుట ఏడుగురున్నారు. మా పిల్లని వెనక్కి లాగింది మాత్రం గీత బయట నిలబడ్డ నేను.

పిల్లలకి ఎదుటి జట్టంటే కొంత భయం ఉంటుంది. అది ఆడగా ఆడగా తగ్గుతుంది. ఓడిపోయి ఇంటికి ఎలా వెళ్ళాలి అన్న భయం అలా తగ్గదు, ఆడేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండోది పూర్తిగా మన చేతిలో ఉంది. అందుకే ధైర్యం నూరిపోసే మాటల జోలికి పోకుండా, ఈ నాలుగేళ్ళలో మా ఇంట్లో మేం మార్చుకున్న పద్ధతులు, పీఈటీ సార్లని, కోచ్‌లని అడిగి తెలుసుకున్న విషయాలు ఒక వరసలో రాస్తున్నాను. ఎనిమిది నుంచి పదహారేళ్ళ మధ్య పిల్లలున్న అమ్మానాన్నల కోసం ఇది. కబడ్డీ, షటిల్, వాలీబాల్, పరుగు, ఏదైనా సరే. వరస మాత్రం మార్చకండి. మొదటి రెండూ కుదరకుండా మూడోదానికి వెళ్తే పని జరగదు.

1. భయం దేనికో కనుక్కోండి

"భయంగా ఉంది" అని పిల్లలు నేరుగా చెప్పరు. మ్యాచ్ రోజు పొద్దున కడుపులో నొప్పి అంటారు. నాలుగుసార్లు బాత్రూమ్‌కి వెళ్తారు. బూట్లు కనపడటం లేదంటారు. మనకేమో నాటకాలాడుతున్నట్టు అనిపిస్తుంది. నాటకం కాదండీ అది. భయం వేసినప్పుడు ఒళ్ళు పరుగుకో పోట్లాటకో సిద్ధమవుతుంది, రక్తం కండరాల వైపు ఎక్కువగా వెళ్తుంది, అరుగుదల మందగిస్తుంది. అందుకే కడుపులో అలా తిప్పుతుంది. ఈ సంగతి పిల్లలకి కూడా చెప్పండి. తనకేదో జబ్బు చేసిందనో, తనొక్కతే ఇలా ఉందనో అనుకునే పిల్లకి సగం బరువు దిగిపోతుంది. మ్యాచ్ లేని రోజుల్లో కూడా నొప్పి వస్తుంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

తర్వాత అది ఏ రకం భయమో తెలుసుకోవాలి. దెబ్బ తగులుతుందని భయం ఒకటి. నలుగురిలో నామోషీ అన్నది ఇంకొకటి. కొత్త చోటు భయం, అంటే మట్టి మీద ఆడినవాళ్ళకి మ్యాట్, ఊరి గ్రౌండ్‌లో ఆడినవాళ్ళకి లైట్లున్న ఇండోర్ కోర్టు. చివరిది ఇంటి భయం. ఒక్కోదానికి ఒక్కో మందు. దెబ్బకి భయపడే పిల్లకి "ఓడితే ఏం కాదులే" అని చెప్పి లాభం లేదు.

కనుక్కోవడానికి ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయకండి. బట్టలు మడతపెడుతూనో, బండి తుడుస్తూనో, ఇద్దరి చేతుల్లో ఏదో పని ఉన్నప్పుడు అడగండి. "ఎందుకు భయం?" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. నేను అడిగేవి ఇవి: "మ్యాచ్‌లో నీకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉండే నిమిషం ఏది?" "చూడటానికి ఎవరొస్తే నీకు బాగుండదు?" రెండో ప్రశ్నకి మీ పేరే రావచ్చు. వస్తే మొహం మాడ్చుకోకుండా వినండి. ఆ సమాధానం చెప్పడానికి పిల్లకి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఈ దశలోనే ఇంట్లో వాడే మాటలు కూడా ఒకసారి సరిచూసుకోవాలి. పిల్లలకి పిరికిమందు పోసేది ఎక్కువగా మనమే. "పెద్ద స్కూళ్ళ వాళ్ళొస్తారంట, మనమెంత?" "పడిపోతావ్, పడిపోతావ్." "పక్కింటి వాడు చూడు, దేనికీ భయపడడు." మా అమ్మ అయితే మనవరాలి మోకాలి మీద గీతలు చూసినప్పుడల్లా "ఆడపిల్లకి చెడుగుడేంట్రా, రేపు పెళ్ళిచూపుల్లో ఏం చెప్తాం" అనేది. ఆవిడతో వాదన పెట్టుకోలేదు. ఒక ఆదివారం గ్రౌండ్‌కి తీసుకెళ్ళి కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మనవరాలు ఇద్దరిని ముట్టుకుని వెనక్కొచ్చినప్పుడు లేచి నిలబడింది. అప్పటినుంచి ఆ గీతలకి కొబ్బరినూనె రాసేది మామ్మే.

2. ఇంటికొచ్చే దారిని బాగు చేయండి

నేను రాసేవాటిలో ముఖ్యమైనది ఇదే. ఒక్కటే పాటించగలం అంటే ఇది పాటించండి.

మ్యాచ్ అయిన అరగంటలో పిల్లల మనసు పచ్చిగా ఉంటుంది. ఏ తప్పు చేశారో వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. ఆ సమయంలో మనం చెప్పే సలహా సలహాలా వినపడదు, తీర్పులా వినపడుతుంది. అందుకని మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మ్యాచ్ గురించి ఆ రోజు మేం ఎత్తం. పిల్ల ఎత్తితే వింటాం. మా మాట ఏదైనా ఉంటే మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర. మా అంబాజీపేట పొట్టిక్కలు ఎంతోమందికి తెలుసు కదా, పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు. మ్యాచ్ మర్నాడు పొద్దున అవే తెస్తాను. గెలిచినా అవే, ఓడినా అవే. గెలిస్తే బిర్యానీ, ఓడితే మౌనం అన్న లెక్క పిల్లలకి చాలా తొందరగా అర్థమవుతుంది. మన ప్రేమకి కూడా స్కోరుబోర్డు ఉందనుకుంటారు.

మరి దారిలో ఏం చేయాలి? ముందు నీళ్ళివ్వండి. "ఆకలేస్తోందా?" అని అడగండి. ఏడుస్తుంటే ఏడవనివ్వండి, "ఛ, ఊరుకో, అందరూ చూస్తున్నారు" అనకండి. మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండండి, కానీ ఆ మౌనం అలకలా ఉండకూడదు. నేను బండి కొంచెం నెమ్మదిగా నడుపుతాను, దారిలో కొబ్బరి లారీలు లోడవుతుంటే రేటు గురించో, గోదారికి నీళ్ళు వచ్చాయా అనో మాట్లాడతాను. మొదట్లో నోరు కట్టుకోవడం చాలా కష్టమైంది. చెప్పాల్సినవి గొంతు దాకా వచ్చేవి. అందుకే చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకునేవాణ్ణి. మర్నాటికి ఆ కాగితం తీసి చూస్తే పదింట్లో ఎనిమిది అవసరం లేనివే అనిపించేవి.

టిఫిన్ దగ్గర మూడే ప్రశ్నలు. నిన్న నీకు నచ్చిన పని ఏం చేశావు? మళ్ళీ ఆ మ్యాచ్ ఆడితే ఏది వేరేగా చేస్తావు? ఈ వారం దేని మీద ప్రాక్టీస్ చేద్దాం? సమాధానాలు పిల్లవే కావాలి. "నేను అస్సలు బాగా ఆడలేదు" అంటే "లేదమ్మా, చాలా బాగా ఆడావు" అని కొట్టిపారేయకండి. నిజంగానే బాగా ఆడకపోయి ఉండొచ్చు. అబద్ధపు మెప్పు పిల్లలకి వెంటనే తెలిసిపోతుంది, తర్వాత నిజమైన మెప్పుని కూడా నమ్మరు. "అవును, నిన్న కాళ్ళు కదల్లేదు. ఎందుకంటావ్?" అని అడిగితే చాలు.

చుట్టాల సంగతి కూడా చూసుకోవాలి. మ్యాచ్ అయిన పది నిమిషాలకే మేనమామ ఫోను, బాబాయి ఫోను, "ఏమైంది, గెలిచారా?" అని. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రిజల్ట్ అడుగుతారు. ఫోను పిల్ల చేతికివ్వకండి. గ్రూపులో పెట్టేముందు పిల్లని అడగండి. మా వాళ్ళకి ఒకటే చెప్పాను: గెలిచావా అని అడక్కండి, ఎలా ఆడావు అని అడగండి. నెల రోజులు గుర్తుచేయాల్సి వచ్చింది, తర్వాత అలవాటైపోయింది.

3. దిగడం నేర్పండి, తర్వాతే ఎక్కించండి

మా తోటలో కొబ్బరి దింపు తీసే పెద్దాయన తన కొడుక్కి పని నేర్పడం ఒకసారి చూశాను. కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. కాళ్ళకి బందం, అంటే చెట్టెక్కేటప్పుడు పాదాలకి వేసుకునే తాడు, వేయించి, పొట్టి చెట్టు దగ్గర నిలబెట్టాడు. కుర్రాడు గబగబా పైకి పాకబోతే ఆపేశాడు. నిలువెత్తు ఎక్కించి దిగమన్నాడు. మళ్ళీ ఎక్కించి మళ్ళీ దిగమన్నాడు. పాదం ఎక్కడ ఆనించాలి, చేతులు ఎప్పుడు సడలించాలి, చూపు ఎటుండాలి, అన్నీ దిగేటప్పుడే చెప్పాడు. ఒక పూటంతా అదే పని. నేను అడిగితే అన్నాడు: "ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడండి. దిగడం చేతకాదని పైన గుర్తొస్తేనే కాళ్ళు వణుకుతాయి."

ఆటలో దిగడం అంటే పడటం, దొరకడం, పాయింట్ పోవడం, ఓడటం. ఇవి ప్రాక్టీస్‌లోనే వందసార్లు జరిగి ఉంటే మ్యాచ్‌లో వాటికి కోరలుండవు. కబడ్డీ ఆడే పిల్లలకి ముందు మెత్తటి ఇసకలో పడటం నేర్పమని కోచ్‌ని అడగండి. చెయ్యి చాపి ఆనించకుండా, తల లోపలికి పెట్టుకుని, భుజం మీదుగా దొర్లేలా. తర్వాత కావాలని దొరికిపోయే కూతలు పది పెట్టించండి. పట్టుకుంటారని ముందే తెలిసి లోపలికి వెళ్ళడం, దొరికాక కూడా చివరిదాకా గీత వైపు పాకడం. షటిల్ ఆడే పిల్లలకి 12-18 వెనకబడ్డ స్కోరు నుంచి ఆట మొదలుపెట్టించండి. గెలవడం అక్కర్లేదు, ఆ స్కోరు మీద సర్వీసు చేయడం అలవాటవ్వాలి. క్యారమ్స్‌లోనో చదరంగంలోనో ఇంట్లో మీరు ఓడిపోయినప్పుడు ఎలా ఉంటున్నారో కూడా చూసుకోండి. పిల్లలు అదే నేర్చుకుంటారు.

ఇప్పుడు మెట్లు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, భయం తక్కువున్న పని నుంచి ఎక్కువున్న పని దాకా ఐదారు మెట్లు కాగితం మీద రాయించండి. మీరు రాయకండి, తన చేతే రాయించండి. మా అమ్మాయి రాసింది ఇలా ఉంది: పెరట్లో పెదనాన్న పిల్లలతో కూతకి వెళ్ళడం. ఊళ్ళో తన ఈడు పిల్లలతో ఆడటం. సీనియర్ అక్కల మీదకి కూతకి వెళ్ళడం. మ్యాట్ మీద ప్రాక్టీస్. నాన్న రాని ఫ్రెండ్లీ మ్యాచ్. మండల సెలక్షన్స్. ఆ ఐదోది చదివినప్పుడు నాకు కష్టంగానే అనిపించింది. అయినా అలాగే ఉంచాం.

ఎప్పుడు పై మెట్టుకి వెళ్ళాలి అన్నదానికి ఒకే గుర్తు: ఉన్న మెట్టు పిల్లకి బోర్ కొట్టాలి. భయం కాస్త తగ్గగానే తోసేయకండి. ఒక మెట్టు కిందకి దిగుతానంటే దిగనివ్వండి. మా పిల్ల నాలుగో మెట్టు దగ్గర మూడు వారాలు ఇరుక్కుపోయింది. మట్టిలో ఆడినన్నాళ్ళూ ఉత్త కాళ్ళు, మ్యాట్ మీద బూట్లు. కాలు మట్టిలో జారినట్టు జారదు, ఒక్కసారిగా పట్టేస్తుంది, ఎక్కడ మడత పడుతుందో అని భయం. ఆటల మాస్టారు పీడీ సార్‌ని అడిగి, ఎవరూ లేని ఒక ఆదివారం పొద్దున వెళ్ళాం. మొదట ఉత్త కాళ్ళతో మ్యాట్ మీద ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచింది. తర్వాత వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ కాసేపు ఉంది. లేచి బూట్లు వేసుకుని నాలుగు మూలలకీ పరిగెత్తింది. బాక్ లైన్‌కి అవతల ఉండే బోనస్ లైన్‌ని అరచేత్తో తడిమి చూసింది. ఆ రోజు ఆట లేదు, కూత లేదు. మరుసటి వారం నుంచి మ్యాట్ గొడవ ఎత్తలేదు. పెద్ద టోర్నమెంట్ ఉంటే వీలైతే ముందు రోజే ఆ గ్రౌండ్ చూపించి రమ్మని నేను అందరికీ చెప్పేది ఇందుకే. బాత్రూమ్ ఎక్కడుందో తెలియడం కూడా పిల్లలకి పెద్ద నిబ్బరం.

ఈ మెట్లన్నిటికీ మాకు ఐదు నెలలు పట్టింది. స్కూళ్ళు తెరిచాక సెలక్షన్ల హడావుడి మొదలైనప్పుడు ఎత్తుకుంటే కుదరదు, వేసవి నుంచే మొదలుపెట్టాలి.

4. గెలుపుని కాకుండా ఒక పనిని అప్పజెప్పండి

"గెలిచి రా" అని పంపితే పిల్ల చేతిలో లేనిదాన్ని నెత్తిన పెట్టినట్టు. ఎదుటివాళ్ళు ఎలా ఆడతారో తనకేం తెలుసు? దానికి బదులు తన చేతిలో ఉన్న ధైర్యం పని ఒకటి ఇవ్వండి. కబడ్డీ అయితే, ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్న ప్రతి కూతలో ఒక్కసారి బోనస్ లైన్ వైపు కాలు చాపి రావాలి. పాయింట్ వచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. షటిల్ అయితే, నెట్ దగ్గర షటిల్ పడితే వెనక్కి తగ్గకుండా ముందుకే అడుగు వేయాలి. క్రికెట్ అయితే, మొదటి ఆరు బంతులు బ్యాట్ దాకా చూసి ఆడాలి. పరుగైతే, మొదటి మలుపు దాకా పక్క లేన్ వైపు చూడకూడదు.

మెప్పు కూడా ఆ పనికే. "సూపర్, ఇరగదీశావ్" అంటే పిల్లకి ఏమీ అందదు. "రెండు కూతలు ఖాళీగా వచ్చాక మూడో కూతకి ఎవరూ లేవలేదు, నువ్వు చెయ్యెత్తావు, నేను చూశాను" అంటే అది ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆ కూతలో దొరికిపోయినా సరే ఆ మాట చెప్పాలి. నిజానికి దొరికిపోయినప్పుడే చెప్పాలి.

5. ఒంటికి నేర్పాల్సినవి

శ్వాసతో మొదలుపెట్టండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరో ఏడో లెక్కపెడుతూ నోటితో నెమ్మదిగా బయటికి. బయటికి వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. రాత్రి పడుకునేముందు ఐదుసార్లు, రోజూ. మ్యాచ్ రోజు మొదటిసారి చేయిస్తే పనిచేయదు, ముందే అలవాటవ్వాలి. కబడ్డీ పిల్లలకి ఇది చెప్పడం సులువు. కూత అంటేనే ఒక్క ఊపిరిని కొంచెం కొంచెంగా వదలడం కదా. చాప మీద కూర్చుని గొంతు తగ్గించి, తొందరపడకుండా, ఒక్క ఊపిరిలో ఎంతసేపు అనగలరో అననివ్వండి. మ్యాచ్‌లో ఒక కూతకి 30 సెకన్లే. ఇంట్లో హాయిగా అంతసేపు అనగలిగిన పిల్ల కోర్టులో ఊపిరి అందక కంగారుపడదు.

గుండె దడదడలాడటం గురించి కూడా ఒక మాట. పండక్కి కొత్త బట్టలు వేసుకుని తీర్థానికి, అంటే ఊరి జాతరకి, వెళ్ళేటప్పుడు కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది. "టెన్షన్ పడకు" అంటే ఎవరికీ టెన్షన్ తగ్గదు. "ఒళ్ళు రెడీ అవుతోందమ్మా, అందుకే ఆ దడ" అని చెప్పండి, అది నిజం కూడా.

తిండికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మ్యాచ్‌కి రెండు మూడు గంటల ముందు రోజూ తినే ఇడ్లీలో, పెరుగన్నమో, పక్కన ఒక చక్కెరకేళీ. ఆ రోజు కొత్త తిండి, కొత్త బూట్లు వద్దు. బ్యాగు మాత్రం పిల్లే సర్దుకోవాలి, ఏదైనా మర్చిపోతే ఆ ఇబ్బంది తనే పడాలి.

6. మ్యాచ్ రోజు మీరు ఎక్కడ నిలబడాలి

ఇది పిల్లనే అడగండి. "నేను రానా? వస్తే ఎక్కడ కూర్చోను?" మా అమ్మాయి ఒక ఏడాది పాటు నన్ను రావద్దంది. తర్వాత రమ్మంది గానీ, తనకి కనపడని చోట కూర్చోమంది. ఇప్పుడు మూల మీద కూర్చుంటాను.

గీత బయట నుంచి అరిచి ఆడించకండి. లోపల కోచ్ ఒకటి చెప్తారు, బయట నాన్న ఇంకొకటి చెప్తాడు, ఆ మధ్యలో పిల్ల కాళ్ళు ఆగిపోతాయి. రిఫరీతో గొడవ అసలే వద్దు. చప్పట్లు కొట్టండి, అవతలి పిల్లలు బాగా ఆడితే వాళ్ళకీ కొట్టండి. మొహం సంగతి చూసుకోండి. పాయింట్ పోయిన ప్రతిసారీ తల పట్టుకునే అలవాటు నాకుండేది. మా ఆవిడ ఫోనులో వీడియో తీసి చూపిస్తే తప్ప నాకు తెలియలేదు. ఒకసారి మీరూ తీయించుకుని చూడండి.

మన వైపు సంక్రాంతికి జరిగే టోర్నమెంట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లడ్‌లైట్లు, మైకు, జాతర జనం. పందేలు కాసేవాళ్ళు కూడా చేరతారు. మొదటి ఏడాది చూడటానికే తీసుకెళ్ళండి. ఆ హోరు చెవులకి అలవాటవ్వనివ్వండి. పిల్లల ఆట మీద డబ్బులు కాస్తున్నారని తెలిస్తే అక్కడ ఆడించకండి, బహుమతి ఎంతదైనా సరే. పరాయివాళ్ళ డబ్బు భారం మోసే వయసు కాదు వాళ్ళది.

7. గొప్పవాళ్ళు ఓడిన కథలు చెప్పండి

కోనసీమలో రాకెట్ పట్టిన ప్రతి పిల్లకీ సాత్విక్ సాయిరాజ్ తెలుసు. మన అమలాపురం అబ్బాయి, గంటకి 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు, చిరాగ్ శెట్టితో కలిసి 2023 ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఇవన్నీ పిల్లలకి నోటికి వచ్చు. మనం చెప్పాల్సినవి మిగతావి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ జోడీ గ్రూపులో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచింది. చివరికి బంగారం గెలిచిన జోడీని కూడా ఓడించింది. అయినా క్వార్టర్స్‌కి వెళ్ళలేకపోయింది. అక్కడ కథ ఆపి పిల్లని అడగండి, "నువ్వైతే మర్నాడు పొద్దున ఏం చేస్తావు?" అని. తను ఆలోచించాక మిగతాది చెప్పండి. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మొదటి గేమ్ గెలిచి, మలేసియా జోడీ ఆరోన్ చియా, సో వూయి యిక్ చేతిలో తర్వాతి రెండూ ఓడిపోయారు. ఏడాది తిరిగాక అదే పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. మళ్ళీ క్వార్టర్ ఫైనల్, ఎదురుగా మళ్ళీ అదే జోడీ. ఈసారి వరుస గేముల్లో గెలిచారు. కంచు పతకంతో వచ్చారు.

పీవీ సింధు కథ కూడా ఇలాగే చెప్పొచ్చు. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహారా మీద 110 నిమిషాలు పోరాడి ఓడింది. 2018 ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో ఓడింది. "ఫైనల్స్‌లో గెలవలేదు" అన్న మాట పడింది. 2019లో మూడోసారి ఫైనల్‌కి వెళ్ళి, అదే ఒకుహారాని 21-7, 21-7తో ఓడించింది. మా పిల్ల ఈ కథ విని అడిగింది, "రెండుసార్లు ఓడాక మూడోసారి ఫైనల్ రోజు పొద్దున ఆవిడకి కడుపులో తిప్పి ఉంటుందా నాన్నా?" తిప్పే ఉంటుందని చెప్పాను.

8. ధైర్యం పేరుతో చేయించకూడనివి

తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట ఆపేయాలి, పిల్ల బాగానే ఉన్నానన్నా సరే. వాంతులు, తలనొప్పి, మత్తుగా ఉండటం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే హాస్పిటల్. కీలు వాచినా, ఒకే చోట పోటులా నొప్పి వస్తున్నా "ఓర్చుకో" అనకండి. మన డెల్టాలో ఉక్క ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో ప్రాక్టీస్ పొద్దున ఎనిమిది లోపు ముగించాలి, సాయంత్రం ఎండ తగ్గాకే మొదలుపెట్టాలి. కాలువలోకో గోదాట్లోకో పందెం కట్టి దూకడాన్ని ధైర్యం అని ఎప్పుడూ మెచ్చుకోకండి. వరద రోజుల్లో రేవు వైపే పంపకండి.

ఇంకొకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. రెండేళ్ళ కిందట ఒక సమ్మర్ క్యాంపులో చేర్పించాం. ప్రాక్టీస్ గేమ్ ఓడిన పిల్లల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేవారు, నీళ్ళివ్వకుండా. "ఇంట్లో చెప్తే పిరికివాళ్ళ కింద లెక్క" అని పిల్లలతో అన్నారట. మూడో రోజు బండి మీద వస్తుంటే మా అమ్మాయి చెప్పింది. దారిలో నేను తిట్టనని అప్పటికి దానికి నమ్మకం కుదిరింది కాబట్టి చెప్పింది. పాత రోజుల్లో అయితే చెప్పేది కాదు, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జారిపోతుంది. ఆ సాయంత్రమే వెళ్ళి మాట్లాడి, మానిపించేశాం.

కాబట్టి పిల్లలకి స్పష్టంగా చెప్పి ఉంచండి. ఎవరు కొట్టినా, ఇబ్బందిగా తాకినా, "ఇంట్లో చెప్పకు" అన్నా, అదే రోజు ఇంట్లో చెప్పాలి. ఎదుటివారు ఎంత పెద్ద కోచ్ అయినా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకి కంఠతా రావాలి. పిల్లల మీద లైంగిక వేధింపులకి 2012 నాటి పోక్సో చట్టం కింద కఠినమైన శిక్షలున్నాయి. ఇది తెలిసిన అమ్మానాన్నల పిల్లల జోలికి రావడానికి ఎవరైనా ఆలోచిస్తారు.

9. మానేస్తానంటే

ఓడిన రోజు అంటే పట్టించుకోకండి, ఒప్పుకోనూ వద్దు, వాదించనూ వద్దు. వారం ఆగి, ఆట గుర్తుకురాని సమయంలో మీరే అడగండి. పేరు ఇచ్చిన టోర్నమెంట్ మాత్రం పూర్తి చేయాలి, జట్టులో మిగతా పిల్లలు నమ్ముకుని ఉంటారు. అది అయ్యాక కూడా అదే మాట అంటే ఒప్పుకోండి. "ఇన్నేళ్ళ ఫీజు, ఇంత తిరుగుడు" అని లెక్కలు తీయకండి. అందరూ మెచ్చుకునేదాన్ని వద్దని చెప్పడానికి కూడా పిల్లలకి గుండె కావాలి.

మా చిన్నవాడు మూడేళ్ళు షటిల్ ఆడి పోయినేడాది మానేశాడు. నాలుగు నెలలు ఏమీ ఆడలేదు. ఇప్పుడు సాయంత్రాలు ఊళ్ళో పెద్ద కుర్రాళ్ళతో వాలీబాల్‌కి వెళ్తున్నాడు, ఎక్కువగా బంతులు అందిస్తూ ఉంటాడు. రాకెట్ ఇంకా వాడి గదిలో మేకుకి వేలాడుతోంది. గ్రిప్ ఊడిపోయింది. నేను మార్పించలేదు, తీసేయనూ లేదు. అడిగిన రోజు అమలాపురం తీసుకెళ్ళి వేయించుకొస్తాను.